అరవై దాకా లెక్క

దేవరకద్ర పశువుల దవాఖానల
ముప్పై ఒక్క ఏండ్లు కాంపౌండర్ని.
సంత అయిన మర్నాడు
కోడెలను పట్టుకొని వచ్చేటోళ్లు.
వేపచెట్టు కింద పడగొట్టి
నాలుగు కాళ్లు కట్టి
కొమ్ముల మీద ఒకడు కూసుంటే
నేను నరం దొరకబట్టి
మిషను దవడలు మూసేటోన్ని.
ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడు.
అటెన్క అరవై దాకా లెక్క.
ముప్పైకి కండ్లు తేలేసేది,
నలభైకి వగర్సుడు తగ్గేది.
నెత్తురు చుక్క రాదు, కుట్టు లేదు,
రిజిస్టర్ల ఒక గీత.
తొమ్మిది వేల పైచిలుకు గీతలు.

లేచినంక దాని పేరు మారుతది మా దిక్కు.
కోడె పోయి ఎద్దు.

ఇప్పుడు పట్నం డాక్టరు, నా చిన్నకొడుకు ఈడోడు,
నా ఎముకల ఫొటో లైటుకు పెట్టి
పెన్నుతోని చూపిస్తున్నడు:
నడుం పూసల మీద మూడు, తుంటి మీద ఒకటి,
కోసిన జొన్నచేన్ల కాకులు వాలినట్టు.
పీఎస్ఏ నూట ఎనభై ఆరు.
నాలుగు లోపల ఉండాలెనట.
ప్రోస్టేట్ గ్రంథి అన్నడు.
ఆంబోతుకు ఉంటదని ట్రైనింగుల చదివిన.
నాకు సుత ఉంటదని ఎన్నడు యాదికి రాలే.

రాత్రికి ఐదుమాట్ల లేస్తుంటే
వయసనుకున్న, సలి అనుకున్న,
తాగిన బోరు నీళ్లనుకున్న.

దారులు రెండు చెప్పిండు.
మూడు నెలలకొకసారి సూది,
బతికినన్ని దినాలు.
లేకుంటే అరగంట ఆపరేషను,
విత్తులు తీసేస్తరు, ఒక్కసారితోని అయిపోతది.
"రోగానికి తిండి మీ ఒంట్లనే తయారైతున్నది,
ఆ తిండి బంజెయ్యాలె."
పూర్తిగ పోతదా అని అడిగిన.
"పండుకోబెడతం" అన్నడు.
మీరిద్దరు మాట్లాడుకొని చెప్పుండ్రి,
పది రోజులు తీసుకోండ్రి అన్నడు.

నవ్వొచ్చింది, ఆపుకున్న.
తొమ్మిది వేల కోడెలల్ల
ఒక్కదాన్నన్న అడిగిన్నా?

బస్సుల ఈదమ్మ కిటికీ కాడ కూసున్నది.
షాద్‌నగర్ దాటేదాంక మాట లేదు.
నేనే చెప్పిన, గొంతు తగ్గించి:
సూది అయితే లోపలివి లోపల్నే ఉంటయి,
చూసెటోళ్లకు తెల్వదు.
ఆపరేషనైతే... అని ఆగిన.
"ఎవరు చూస్తరు?" అన్నది.
సంచిలకెళ్లి పల్లీలు తీసి
పొట్టు ఊదుకుంట మళ్ల అన్నది:
"మన చెల్క దున్నింది ఎద్దులే గదా,
ఆంబోతులు దున్నినయా?"
ముందు సీటోడు మలిగి చూసిండు.

ధైర్యం రాలే నాకు, కోపమొచ్చింది.
ఎద్దు సంగతి ఆమెకేం ఎరుక.
మూడో దినం మేత ముట్టేది, నిజమే.
కానీ ఆవు పక్కపొంటి పోతే
గాలి వాసన చూసి
ఏందో మర్శిపోయినట్టు నిలబడేది.
అది నేను రిజిస్టర్ల రాయలే.

ఇంటికొచ్చి దవాఖాన కాయితం చదివిన:
ఒంట్లకెళ్లి సెగలు వస్తయి, చెమటలు పోస్తయి,
నిద్ర పట్టదు, రొమ్ములు సలుపుతయి,
ఉత్తగనే ఏడుపొస్తది.
గట్టిగ చదివిన, ఆమెకు ఇనపడాలని.
గంజి వంపుకుంట ఈదమ్మ:
"నలభై ఎనిమిదేండ్లకు నాకు అన్నీ వచ్చినయి.
నిండు ఎండకాలం.
ఫ్యాను నీ దిక్కే పెట్టుకొని పండుకున్నవు."
నాకు యాదికి లేదు.
పండుకునే ఉంట.

తొమ్మిదో రోజు ఫోను చేసి
ఆపరేషనే అని చెప్పిన.
ఎందుకంటే సక్కగ చెప్పరాదు.
పైసలు కొంత, బస్సులు కొంత.
సూది అయితే మూడు నెలలకొకసారి
మళ్ల మొదటికెళ్లి ఒప్పుకోవాలె.
ముప్పై కాడ ఆపి
ఏ కోడెనూ ఇడ్సిపెట్టలే నేను.

ఈ రాత్రి టేబుల్ ఫ్యాను నడుమల పెట్టింది.
అటొకసారి ఇటొకసారి తిరుగుతున్నది.
నా దిక్కు మలిగేకాడ ఇరుక్కొని
టక్కుమంటది.
లెక్క పెడుతున్న,
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది.
పొద్దుగాల నూనె చుక్క వెయ్యాలె.